ఈ వారం సమస్య: ఇరువదొకటి కన్న హెచ్చు మూడు

పెన్నగట్టు (సమస్య ఇచ్చినవారు):
కడపలో మా వీధి గ్రంథాలయానికి ఎండాకాలం సెలవుల్లో పిల్లలు వస్తారు. రిటైరయినప్పటి నుంచి వాళ్ళకు పుస్తకం వెతకడం, చదివాక మళ్ళీ దాని చోట్లోనే పెట్టడం నేర్పుతున్నాను. పుస్తకాల వెన్ను మీద చీటీలు డ్యూయీ పద్ధతివి. 1876లో వచ్చిన ఈ పద్ధతిలో పుస్తకాల విషయాలన్నీ పది తరగతులు. ఒక్కో తరగతినీ మూడంకెల దాకా చీల్చి, ఆపైన చుక్క పెట్టి ఇంకా చీల్చుకుంటూ పోవడమే. జానపద కథలది 398.2. మా పిల్లలు బోల్తా పడేది అక్కడే. 398.21, 398.3 చేతికిస్తే 3ను ముందు పెట్టి, 21ని వెనక పెడతారు. "ఇరవై ఒకటి పెద్దది కదా సార్!" అంటారు. తప్పు వాళ్ళది కాదు, ఎక్కాలు అట్లే నేర్పాం. బీరువాలో మాత్రం లెక్క తిరగబడుతుంది. అందుకే ఈ సమస్య. చివరి పాదం ఇది, పై మూడు పాదాలూ మీరే కట్టి పూరించాలి:

ఇరువదొకటి కన్న హెచ్చు మూడు.

ఛందస్సు ఆటవెలది. వేమన పద్యం నోటికొచ్చిన పిల్లకు ఈ నడక కొత్తగా నేర్పక్కర్లేదు. పిల్లలు పాడుకునేలా ఉంటే మరీ మంచిది.

గండికోట గాలి:
సార్, యతి అంటే పాదం మొదటి అక్షరంతో నడుమ అక్షరం జత కలవాలి కదా, ఇకారానికి హెకారంతో యతా?

పెన్నగట్టు:
చెల్లుతుంది నాయనా. అచ్చులకు య, హ లతో మైత్రి ఉంది. ఇ, హె రెండింటి స్వరాలూ కలుస్తాయి. "ఇరువదొకటి" మాత్రం వాడుక రూపం, ఒప్పుకుంటాను. "ఇరువదియొకటి" అంటే గణం, అదే నడక కొలత, చెడుతుంది.

ఒంటిమిట్ట అబ్బాయి:
నా పూరణ.

కొన్న పుస్తకాలు గూటిలో నిద్రించు
చదివినవియె మూడు, చాలు మనకు;
చదువు లెక్క చూడ సంచుల లెక్కేల
ఇరువదొకటి కన్న హెచ్చు మూడు.

గండికోట గాలి:
"సంచుల లెక్కేల" బాగుందన్నా! పుస్తకాల పండగ నుంచి సంచులు మోసుకొచ్చిన వాడికి గట్టిగానే తగులుతుంది. నాకే తగిలింది.

పెన్నగట్టు:
నడక శుభ్రంగా ఉంది. రెండో పాదం, మూడో పాదం రెండూ చదువు మాటతోనే మొదలవడం కొంచెం బీదగా ఉంది. అసలు పేచీ వేరే. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో మూడోది "ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు" అని. మిగిలిన పద్దెనిమిదినీ నిద్రపుచ్చి చాలు అనేశావు, గ్రంథాలయం వాడిగా నేనెట్లా ఊరుకునేది?

ఒంటిమిట్ట అబ్బాయి:
ఆ పద్దెనిమిదీ మీ గ్రంథాలయానికి ఇచ్చేస్తా సార్, సరిపోతుందా!

బడి అక్క:
ఆటవెలది నాకు ఇదే మొదలు. నవ్వకండి.

పాట పాడుకుంటు పాపలు వెతికిరి
కథల పుస్తకాల అరల నడుమ;
ముక్క ముక్క చేసి మురిపించి చెప్పెను
ఇరువదొకటి కన్న హెచ్చు మూడు.

గండికోట గాలి:
నవ్వేదేముందక్కా, మొదటి పాదం మా పాపకు అప్పుడే వచ్చేసింది. రెండో పాదంలో యతి తప్పింది. "కథల"లో కకి "అరల"లో అ కుదరదు. "గదుల నడుమ" అంటే సరిపోతుంది. అర అన్నా గది అన్నా పాత మాటల్లో ఒకటే కాబట్టి అర్థమూ పోదు.

పెన్నగట్టు:
మూడో పాదంలో చెప్పింది ఎవరమ్మా? పైన పాపలు, కింద ఏకవచనం. "మురిపాన తెలిసిరి" అంటే అదీ తీరుతుంది. "ముక్క ముక్క చేసి" మాత్రం ముట్టుకోవద్దు. 21ని రెండు, ఒకటి అని విడగొట్టడమే ఇక్కడి కిటుకు. మీకు తెలియకుండానే పట్టేశారు.

బడి అక్క:
తెలిసే పట్టాను సార్. నాలుగో తరగతికి దశాంశాలు చెప్పే టెన్షన్ నాది!

పెన్నగట్టు:
తప్పయింది తల్లీ.

గండికోట గాలి:
ఇది నాది.

చుక్క దాటినాక ఒక్కొక్క అంకెను
విడిగ చదువుమమ్మ వెంట వెంట;
మూడు రెండు కన్న ముందుకు రాదులే
ఇరువదొకటి కన్న హెచ్చు మూడు.

మొదటి పాదంలో వాడింది ప్రాసయతి, అంటే మొదటి అక్షరం బదులు రెండోది కలవడం: చుక్క, ఒక్క.

బడి అక్క:
ఇది పద్యం కాదు, పాఠమే! మూడో పాదం విన్నాక ఇక వివరించే పని లేదు. "చదువుమమ్మ" మాత్రం పిల్లల నోట్లో గ్రాంథికంగా పలుకుతుంది. "చదవవమ్మ" అనొచ్చుగా, గణమూ అదే.

గండికోట గాలి:
అనుకున్నానక్కా. కానీ "చదవవమ్మ" అంటే "నువ్వు చదవవు" అని తిట్టినట్టు కూడా వినిపిస్తుంది. మా ఇంట్లో ఆ మాట రోజూ వినిపించేదే, పద్యంలోకి కూడా ఎందుకని!

ఒంటిమిట్ట అబ్బాయి:
మరీ చిన్నపిల్లలకు పద్యం కాకుండా ఉత్త పాట కట్టాను. ఛందస్సు అడక్కండి.

రెండు కాడ కథలమ్మా
ఆరు కాడ పొడుపమ్మా
ఎనిమిది కాడ పాటమ్మా
తొమ్మిది కాడ సామెతమ్మా

398.2, 398.6, 398.8, 398.9 అన్నమాట. పిల్లలు ఆడుతూ పాడే పాటలకూ ఎనిమిది కాడ ఒక గూడుంది.

తీరం తెమ్మెర:
"కాడ" ఎందుకండీ, "దగ్గర" అనొచ్చు కదా? రేపు పరీక్షలో రాస్తారు.

ఒంటిమిట్ట అబ్బాయి:
మా పిల్లకాయలు "యాడుంది, ఈడుంది" అంటూ వెతుకుతారు మేడం. వెతికే నోటికి వెతికే మాటే ఇచ్చాను. పరీక్షలో ఏం రాయాలో అక్క చూసుకుంటుంది.

పెన్నగట్టు:
"కాడ" ఉండనీ. "దగ్గర" పెడితే తొక్కుడుబిళ్ళ ఆడే కాలికి పాట అందదు. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. అచ్చులోకి ఎక్కకముందు ఆ పద్యాలు తాటాకుల మీదే కాదు, జనం నోట్లోనూ కదా బతికింది!

గండికోట గాలి పద్యాన్ని నిన్న పిల్లలతో పాడించాను. 398.21, 398.3 చీటీలు తప్పు లేకుండా పెట్టారు. చివరిలో ఒక చిన్నది 398.211 పట్టుకొచ్చి, "దీనికి పద్యం లేదు కదా తాతా, యాడ పెట్టేది?" అంది. పాడుకుంటూ చూడమన్నాను. రెండు, ఒకటి, ఒకటి అని వేలు పెట్టి చదివి, 21కీ 3కీ మధ్య సందు చేసి దూర్చింది.

అదే సమయానికి బల్ల దగ్గర పేపర్ చదివే పెద్దాయన లేచి, "ఇది గ్రంథాలయమా, భజన మందిరమా?" అన్నాడు. ఆయన మాటా న్యాయమే. వచ్చే వారం సమస్య ఆయన చలవే:

నోరు మెదపకుండ నూరు పాట.