ఐదో నెలలో ఉద్యోగం మారవచ్చా?

నమస్కారం. ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటుగా పనిచేస్తున్న నాకు ఇప్పుడు గర్భం ఐదో నెల. పార్వతీపురంలోని మరొక సంస్థ ఎక్కువ జీతంతో వచ్చే నెలలోనే చేరమంటోంది. పుట్టిల్లు కూడా అక్కడే కావడంతో (పురిటికి ఎలాగూ వెళ్లవలసినదే) మనసు అటే లాగుతోంది. అయితే ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో 26 వారాలకు పెరిగిన జీతంతో కూడిన ప్రసూతి సెలవు దక్కాలంటే, ప్రసవానికి ముందరి 12 నెలల్లో ఆ యజమాని వద్దే కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి కనుక, డాక్టరుగారు ముందుగానే విశ్రాంతి తీసుకోమంటే ఆ లెక్క తప్పుతుందని నా భయం. నియామక పత్రం తీసుకోకముందే గర్భం సంగతి చెప్పడం మంచిదా? పురుడయ్యాక చేరతానని గడువు కోరవచ్చా? ఇలా మారినవారు సెలవు విషయమై ఏమేమి రాతపూర్వకంగా తీసుకున్నారో దయచేసి తెలుపగలరు.