అప్‌డేట్: గుంటూరు వైపు డేటా ఎంట్రీ ఉద్యోగం దొరికింది

గుంటూరు చుట్టుపక్కల డేటా ఎంట్రీ పోస్టులు ఎక్కడ పడతాయని అడిగాను కదా, దొరికింది. అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది జిల్లా వెబ్‌సైట్ చూడమన్న సలహా. వైద్య ఆరోగ్య శాఖ కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పోస్టులు అక్కడే పెడతారు. డిగ్రీతో పాటు పీజీడీసీఏ (కంప్యూటర్ పీజీ డిప్లొమా) ఉంటే మేలు. 4 నుంచి 10వ తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు జతచేయండి, లేదంటే నాన్‌లోకల్‌లో వేసేస్తారు.

టెస్టులో స్పీడు కన్నా ఎక్సెల్ తేదీలే తికమక పెట్టాయి. సిస్టమ్ అమెరికా ఫార్మాట్‌లో ఉంటే 03/04 మార్చి 4 అవుతుంది. 25/04/2024 లాంటిది తేదీగా మారక, మామూలు టెక్స్ట్‌లా సెల్‌లో ఎడమవైపే ఉండిపోతుంది. ముందే రీజియన్ ఇండియాకు మార్చుకోవాలి.

టైపింగ్ పరీక్ష హయ్యర్ గ్రేడ్ సర్టిఫికెట్ ఎవరూ అడగలేదు. గంటకు 8,000 కీ డిప్రెషన్ల (కీ నొక్కుళ్ల) లెక్క కేంద్ర ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీహెచ్‌ఎస్‌ఎల్‌ది, ఇక్కడ అక్కర్లేదు. డిపాజిట్ కట్టమనే ఇంటి నుంచి పని? మోసమే.