మనకీ ఒక లీ క్వాన్ యూ కావాలి అనేవాళ్ళతో నా పేచీ

జురాంగ్ తెలుగోడు:
మా బంధువుల వాట్సాప్ గ్రూప్‌లో నిన్న మళ్ళీ అదే ఫార్వర్డ్. సింగపూర్ ఒకప్పుడు చేపలు పట్టుకునే పల్లె అంట, దాని మొదటి ప్రధాని లీ క్వాన్ యూ ఒక్కడే కర్ర పట్టుకుని అందర్నీ లైన్లో పెట్టాడంట, మనకీ అలాంటోడు పదేళ్ళు దొరికితే చాలంట. నేను పన్నెండేళ్ళుగా ఇక్కడే సింగపూర్‌లో ఉంటున్నా, ఈ ఊరి అన్నం తింటున్నా, పెద్దాయనంటే గౌరవమే, అందుకే ఈ కథ విన్నప్పుడల్లా బాధేస్తుంది, ఆయన చేసిన అసలు పని వదిలేసి కర్రని మెచ్చుకుంటున్నాం అని.

1959లో ఆయన ప్రధాని అయ్యేనాటికే ఇది బ్రిటిష్ వాళ్ళ పెద్ద రేవు, నేవీ బేస్ ఉన్న చోటు. లేనివల్లా ఇళ్ళు, ఉద్యోగాలు. 1961 మేలో బుకిట్ హో స్వీ అనే గుడిసెల పేట తగలబడి దాదాపు 16 వేల మంది రోడ్డున పడ్డారు. అంతకు ముందు ఏడాదే పెట్టిన హౌసింగ్ బోర్డు ఆ కాలిన చోటే ఫ్లాట్లు లేపింది. 1968 నుంచి సీపీఎఫ్ డబ్బుతో, అంటే మన పీఎఫ్ లాంటిదే, ఆ ఫ్లాట్లు కొనుక్కోనిచ్చారు. ఇవాళ్టికీ ఇక్కడి వాళ్ళలో పదిమందికి ఎనిమిదిమంది దాకా ఉండేది వాటిల్లోనే. బోర్డుని మొదట నడిపింది లిమ్ కిమ్ శాన్. నేనుండే ఈ జురాంగ్ ఒకప్పుడు బురద నేల, ఇక్కడ ఫ్యాక్టరీలు పెట్టిస్తానని ఆర్థిక మంత్రి గో కెంగ్ స్వీ అంటే జనం వెక్కిరించారు. డచ్ ఆర్థికవేత్త విన్సేమియస్ 1960లో వచ్చి 1984 దాకా సలహాలిస్తూనే ఉన్నాడు. వీళ్ళ పేర్లు ఏ ఫార్వర్డ్‌లోనూ ఉండవు, చూయింగ్ గమ్ బ్యాన్ మాత్రం ఉంటుంది, అది వచ్చిందేమో 1992లో, అప్పటికి ఆయన ప్రధాని కుర్చీ దిగి ఏడాది దాటింది.

ఇక కర్ర సంగతి. చియా థై పో అని ప్రతిపక్ష ఎంపీ ఒకాయన. 1966లో అరెస్ట్ చేశారు. కేసు లేదు, కోర్టులో విచారణ లేదు, 23 ఏళ్ళు లోపలే. హింసని వదిలేస్తున్నా అని సంతకం పెట్టమన్నారు, నేనెప్పుడు పట్టుకున్నానని వదిలెయ్యడానికి అని ఆయన పెట్టలేదు. 1989లో బయటికి తెచ్చి సెంటోసా దీవిలో ఒక గదిలో ఉంచారు, పూర్తిగా వదిలింది 1998లో. మన వాళ్ళు ఇండియా నుంచి వస్తే నేను తిప్పి చూపించేది ఆ సెంటోసానే, ఈ సంగతి తెలిసిన రోజు నుంచి అక్కడ ఫొటో దిగాలంటే మనసు రావట్లేదు.

సత్తెనపల్లి శ్రీను:
అన్నా నువ్వు చెప్పినవి నిజాలే, కాదనను, కానీ ఆ రోజులు ఎలాంటివో కూడా రాయాలి కదా. 1964లో చైనీయులకీ మలయ్ వాళ్ళకీ గొడవలై 30 మందికి పైగా చచ్చిపోయారు. 1965 మార్చిలో ఇండోనేషియా వాళ్ళు ఇక్కడి మెక్‌డొనాల్డ్ హౌస్ అనే ఆఫీసు బిల్డింగులో బాంబు పెట్టారు. అదే ఏడాది ఆగస్టు 9న, అప్పటిదాకా కలిసున్న మలేషియా నుంచి సింగపూర్‌ని బయటికి పొమ్మన్నారు, లీ టీవీలో ఏడ్చేశాడు, తాగే నీళ్ళు కూడా మలేషియాలోని జోహోర్ నుంచి రావాలి. ఇంతలో బ్రిటిష్ సైన్యం 1971కల్లా వెళ్ళిపోతామంది. అలాంటప్పుడు మెత్తగా ఉంటే దేశం మిగిలేదా? ఇంకోటి, లంచం. 1986లో లీ సొంత మంత్రి తే చీయాంగ్ వాన్ మీద ఎంక్వైరీ పెడితే ఆపమని కూడా అనలేదు, ఆ మంత్రి ఆత్మహత్య చేసుకున్నాడు. మా నాన్న పొలం కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ మూడేళ్ళు తిరిగాడు, ఇచ్చుకోవాల్సినంత ఇచ్చుకున్నాకే పని అయింది. ఆయన్ని చూశాక, లీ లాంటోడు కావాలి అంటే తప్పెలా అవుతుందో నువ్వే చెప్పు.

జురాంగ్ తెలుగోడు:
శ్రీనూ మీ నాన్నగారి బాధ నాకు తెలుసు, మా ఇంట్లోనూ అంతే. కానీ ఆ ఎంక్వైరీ చేసింది లంచగొండుల్ని పట్టుకునే బ్యూరో, దాన్ని పెట్టింది 1952లో, బ్రిటిష్ వాళ్ళు. లీ గొప్పతనం ఏంటంటే దాని చేతులు కట్టెయ్యలేదు, సొంత మనుషుల మీదికి వెళ్ళినా అడ్డు పడలేదు. ఆ పనికి ప్రతిపక్షాన్ని జైల్లో పెట్టక్కర్లేదుగా. 1965 భయం నిజమే, ఒప్పుకుంటా. మరి 1987లో ఏ భయం? మార్క్సిస్టు కుట్ర అని 22 మందిని పట్టుకెళ్ళారు, చర్చిల్లో సేవ చేసేవాళ్ళు, లాయర్లు, నాటకాలు వేసేవాళ్ళు. అప్పటికి దేశం ఎంత గట్టిపడిపోయిందో చూడు. భయం పోయాక కూడా కర్ర కింద పెట్టలేదు, నా పేచీ అక్కడే.

కరీంనగర్ పద్మ:
నేను గూడ ఒకటి చెప్త. మా అక్క వాళ్ళు ఆడనే ఉంటరు, పిల్లలు బళ్ళె అమ్మభాష కింద హిందీ చదువుతున్నరు, ఎందుకంటే తమిళం ఉన్నది, ఇంకో ఐదు భారతీయ భాషలున్నయి గాని తెలుగు లేదు. సరే మనం తక్కువ మందిమి అనుకుందాం. చైనీయులకు సుత ఇదే బాధ అయింది, రిక్షా తొక్కెటోళ్ళు చందాలేసి నిలబెట్టుకున్న చైనీస్ చదువుల నాన్యాంగ్ యూనివర్సిటీని 1980 సాలుల ఇంగ్లీషు చదువులున్న ఇంకోదాంట్ల కలిపేసిన్రు. ఇంగ్లీషుతోని కొలువులొచ్చినయి, నిజమే, కని ఇండ్లళ్ళ తాతలకు మనుమలకు మాటలు బంద్ అయినయి. ఆ లెక్క ఎవ్వరూ రాయరు. పిల్లలు ఇద్దరు చాలని 1972 సంది మస్తు చెప్పిన్రు, ఇయ్యాల కనుండ్రి పైసలిస్తమన్నా కనేటోళ్ళు లేరు.

జురాంగ్ తెలుగోడు:
పద్మ గారు మంచి మాట అన్నారు. పిల్లల విషయంలో ఇంకోటుంది. డిగ్రీ చదివిన తల్లుల పిల్లలకే బడి సీట్లలో ముందు చోటు అని 1984లో స్కీమ్ తెచ్చారు, చదువుకున్న తల్లికే తెలివైన పిల్లలు పుడతారని ఆయన గట్టి నమ్మకం. జనానికి ఒళ్ళు మండింది. ఆ డిసెంబర్ ఎన్నికల్లో లీ పార్టీ ఓటు 77 శాతం పైనుంచి 65కి పడిపోయింది, మరుసటేడే స్కీమ్ తీసేశారు. చూడు శ్రీనూ, ఓటు పడేచోట ఆయన తప్పు ఏడాదిలో దిద్దుకున్నారు, ఓటు చేరని చియా జైలు గదిలో అదే దిద్దడానికి 1998 దాకా, 32 ఏళ్ళు పట్టింది.

సత్తెనపల్లి శ్రీను:
1984 సంగతి నాకు తెలీదు అన్నా, అది ఆలోచించాల్సిందే. కానీ నా ప్రశ్న ఒకటి మిగిలింది. ఆ ఫ్లాట్లన్నిటికీ భూమి ఎక్కడిది? 1966 భూసేకరణ చట్టంతో మార్కెట్ రేటు కన్నా తక్కువకి తీసుకున్నదేగా. మాకు అమరావతి దగ్గరే, రైతులు పూలింగ్‌లో దాదాపు 33 వేల ఎకరాలు ఇచ్చారు, ప్లాన్ గీసింది మీ సింగపూర్ వాళ్ళే, 2019లో అంతా ఆగిపోయింది, మా పెదనాన్న పొలం తుమ్మ చెట్లతో నిండిపోయింది. అక్కడ కర్ర పట్టుకుని లాక్కున్న భూమిలో జనానికి ఇల్లు వచ్చింది, ఇక్కడ అడిగి తీసుకున్న భూమిలో ఏళ్ళ తరబడి ముళ్ళు మొలిచాయి. మా పెదనాన్నకి నేను ఏం చెప్పాలి?