ఆశా కార్యకర్త ఛాయ గర్భనిరోధక మాత్రలు ఇచ్చింది, స్కాన్‌లో పీసీఓడీ (అండాశయాల్లో నీటితిత్తులు) అంటున్నారు. ఏది వాడాలి?

ఉద్దానం కోడలు:
నమస్తే అండి. మాది కవిటి మండలం. వయసు 25, పెళ్లై ఏడాది. ఎత్తు 155 సెం.మీ., బరువు 69 కిలోలు. నెలసరి 45 నుంచి 70 రోజులకోసారి వస్తుంది, ఈసారి 80 రోజులైనా రాలేదు. గడ్డం కింద, పైపెదవి మీద వెంట్రుకలు, దవడల దగ్గర మొటిమలు, మెడ వెనక నలుపు. పరగడుపు సుగర్ 104, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 3.1, బీపీ 126/82.

రెండేళ్ల దాకా పిల్లలు వద్దనుకుంటున్నాం. ఆశా ఛాయ ఇచ్చింది, ఇంకా మొదలెట్టలేదు. ప్రైవేటులో చూపిస్తే డ్రోస్పైరినోన్ అనే హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, మెట్‌ఫార్మిన్ 500 రాశారు. మా అమ్మకి కిడ్నీ జబ్బు. నాకు కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష చెయ్యలేదు. ఇంట్లోవాళ్లేమో నెలసరే సరిగా రానిదానికి కడుపెలా వస్తుంది, ఈ మందులన్నీ ఎందుకు అంటున్నారు. ఏది మొదలెట్టాలి, ఏది వద్దు?

టెక్కలి సిస్టర్:
చెల్లీ, ఛాయ పక్కన పెట్టెయ్. అది మంచి మాత్రే, హార్మోన్ కాదు, బాలింతలకి కూడా ఇస్తాం. కానీ అండాశయాల్లో నీటితిత్తులున్నవాళ్లకి ఇవ్వకూడదని ప్రభుత్వ మాన్యువల్‌లోనే ఉంది. ఎందుకంటే అందులో ఉండే సెంట్‌క్రోమాన్ వాడితే మామూలు వాళ్లకే నెలసరి వెనక్కి జరుగుతుంది. నీకు ముందే 70 రోజులు. ఆ పైన ఆలస్యమైతే అది మాత్ర వల్లా, పీసీఓడీ వల్లా, కడుపు వల్లా అన్నది ఎవరూ చెప్పలేరు. ఆశాకి నీ స్కాన్ సంగతి తెలిసుండదు, చెప్పు.

ఇంట్లోవాళ్ల మాట నమ్మకు. పీసీఓడీలో అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలీదు గానీ, అసలు విడుదల కాదని కాదు. రోజులు లెక్కపెట్టి జాగ్రత్తపడే పద్ధతి అందుకే నీకు పనికిరాదు. బరువు కాస్త తగ్గినా, మెట్‌ఫార్మిన్ మొదలెట్టినా అండం విడుదల మళ్లీ మొదలవ్వొచ్చు. అనుకోకుండా కడుపులు వచ్చేది ఎక్కువగా అప్పుడే.

80 రోజులైంది కాబట్టి రేపు పొద్దున్న లేవగానే మొదటి మూత్రంతో నిశ్చయ్ కిట్‌తో గర్భ పరీక్ష చేసుకో, ఆశా దగ్గరే దొరుకుతుంది. నెగెటివ్ వచ్చినా గత మూడు వారాల్లో రక్షణ లేకుండా కలిసుంటే, అప్పట్నుంచి కండోమ్ వాడుతూ మూడు వారాలకి మళ్లీ చెయ్యాలి.

మందుల కొట్టు:
అమ్మా, కవిటి అన్నారు, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానమే కదా, అమ్మగారికి కిడ్నీ జబ్బు అన్నారు. అయితే ఆ చీటీలో రెండు మందులూ క్రియాటినిన్ చూశాకే మింగాలి.

డ్రోస్పైరినోన్ 3 మి.గ్రా. అంటే ఒంట్లో పొటాషియం నిలబెట్టే విషయంలో సుమారు 25 మి.గ్రా. స్పైరనోలాక్టోన్‌తో సమానం. కిడ్నీలు బాగుంటే దానితో ఇబ్బంది లేదు. కిడ్నీ పని తగ్గినవాళ్లకి మాత్రం అది వాడనే కూడదు, పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. మన ఉద్దానంలో రోజూ కొబ్బరినీళ్లు తాగే అలవాటొకటి, అందులోనూ పొటాషియమే. అవాంఛిత రోమాలకని విడిగా స్పైరనోలాక్టోన్ కూడా రాస్తుంటారు. ఆ మందు పైన ఇది చేరితే ఇంకా ప్రమాదం. పైగా స్పైరనోలాక్టోన్ వాడుతుండగా కడుపొస్తే మగబిడ్డ జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదముంది, కాబట్టి నమ్మకమైన గర్భనిరోధకం లేకుండా అది ముట్టుకోకూడదు.

మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేస్తుందన్నది అపోహ. అది బయటికి పోవాల్సింది కిడ్నీ ద్వారానే, పోకపోతే పేరుకుపోతుంది, అంతే. కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 45 కంటే తక్కువుంటే మొదలెట్టరు, 30 లోపుంటే ఆపేస్తారు. బాగుందని తేలితే రాత్రి భోజనం మధ్యలో 500తో మొదలు, వారానికో 500 చొప్పున డాక్టరు చెప్పినంత వరకు పెంచాలి. పరగడుపున వేసుకుంటే వికారం, విరేచనాలు ఖాయం. ఎక్కువమంది మానేసేది అక్కడే, మందు పడలేదనుకుని. వాంతులు, విరేచనాలు గట్టిగా పట్టిన రోజు ఆపాలి.

క్రియాటినిన్‌తో పాటు ఈజీఎఫ్‌ఆర్ కూడా రాసిమ్మని ల్యాబ్‌లో అడగండి. యూరిన్‌లో ప్రోటీన్ లేదు, కాళ్లు వాచలేదు కాబట్టి కిడ్నీలు బాగున్నట్టే అనుకోవద్దు, ఉద్దానం కిడ్నీ జబ్బు ముందుగా అలా బయటపడదు. తేడా వస్తే పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్లండి. నెలసరి నొప్పికని పెయిన్‌కిల్లర్లు కొట్లో అడిగి కొనుక్కోవడం కూడా మానాలి.

ఉద్దానం కోడలు:
చాలా థాంక్స్ అండి. క్రియాటినిన్ ఎల్లుండి ఇస్తాను. డ్రోస్పైరినోన్ వద్దంటే ఏది వాడాలి? కాపర్ టీ వేయించుకోనా, అంతరా గర్భనిరోధక సూదా? మాత్రలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరని అత్తగారి భయం.

టెక్కలి సిస్టర్:
కాపర్ టీ గర్భం రాకుండా బాగా పనిచేస్తుంది, 375 అయితే 5 ఏళ్లు, 380ఏ అయితే 10 ఏళ్లు. కానీ నీ నెలసరికి, మొటిమలకి, వెంట్రుకలకి అది చేసేదేమీ లేదు. వచ్చినప్పుడు రక్తం ఎక్కువ పోతుంది కూడా. అంతరా మూడు నెలలకో సూది, 150 మి.గ్రా. దానితో బరువు పెరిగేవాళ్లున్నారు, నీకు ఇప్పటికే 69. ఆపాక మళ్లీ గర్భం నిలవడానికి చివరి సూది నుంచి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు. రెండేళ్లకే బిడ్డ కావాలనుకునేవాళ్లకి నేనైతే అది చెప్పను.

మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు అడుగు. పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు కదా అని తీసిపారెయ్యకు. అందులో రెండు హార్మోన్లు: లీవోనార్జెస్ట్రెల్ 0.15, ఈస్ట్రోజెన్ రకమైన ఈథినైల్ ఈస్ట్రడయోల్ 0.03 మి.గ్రా., అంటే 30 మైక్రోగ్రాములు. పీసీఓడీకి ఖరీదైన మాత్రే బాగా పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు, ఈస్ట్రోజెన్ 20 నుంచి 30 మైక్రోగ్రాములుండేది చాలు. పొటాషియం గొడవా లేదు.

మొదలెట్టే ముందు ఇవి అడుగుతాం: బీపీ 140/90 దాటిందా, కళ్ల ముందు మెరుపులు కనబడి వచ్చే మైగ్రేన్ ఉందా, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందా, కామెర్లు, రొమ్ము క్యాన్సర్. 35 దాటి పొగతాగేవాళ్లకి ఇవ్వం. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే ఈ మాత్ర పనిచెయ్యదు, ఫిట్స్ మందుల్లోనూ కొన్ని అంతే. మామూలు జ్వరానికిచ్చే యాంటీబయాటిక్ దీన్ని చెడగొట్టదు.

నెలసరి మొదలైన 5 రోజుల్లోపు మొదలెడితే ఆ రోజు నుంచే రక్షణ. తర్వాతైతే గర్భం లేదని తేల్చుకుని ఏ రోజైనా మొదలెట్టొచ్చు, 7 రోజులు కండోమ్ తప్పనిసరి. 21 హార్మోన్ మాత్రలు, ఆ తర్వాత 7 ఐరన్. ఐరన్ మాత్ర మరిచిపోతే పోనీ గానీ, కొత్త స్ట్రిప్ మొదలెట్టడం ఒక్కరోజు కూడా వాయిదా వెయ్యకు. మధ్యలో ఒకటి మరిచిపోవడం కంటే అదే ప్రమాదం. ఎందుకంటే ఏడు రోజులు హార్మోన్ లేకుండా అప్పటికే అండాశయం నిద్ర లేస్తూ ఉంటుంది.

ఒకటి మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకో, ఒకేరోజు రెండైనా పర్లేదు. వరసగా రెండు పోతే ఒకటి వెంటనే వేసుకుని మిగతావి రోజూలాగే వాడు, 7 రోజులు కండోమ్. అది మూడో వారమైతే ఐరన్ మాత్రలు వదిలేసి కొత్త స్ట్రిప్‌లోకి వెళ్లిపో. వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి.

అత్తగారికి చెప్పు: మాత్ర ఆపాక ఒకటి నుంచి మూడు నెలల్లో శరీరం తన పాత తీరుకి వచ్చేస్తుంది. నీ పాత తీరు 70 రోజులు కాబట్టి అదే తిరిగొస్తుంది. అప్పుడు తప్పంతా మాత్ర మీద వేస్తారు.

గైనిక్ పీజీ, విజయనగరం:
సిస్టర్ చెప్పినదానికి రెండు మూడు చేరుస్తాను. 90 రోజులు దాటి నెలసరి రాకపోతే గర్భాశయం లోపలిపొర మందమవుతూ పోతుంది, ఏళ్ల తరబడి అలా వదిలేస్తే క్యాన్సర్ ప్రమాదం. గర్భం లేదని ఖాయం చేసుకున్నాక మెడ్రాక్సీప్రొజెస్టెరోన్ అనే హార్మోన్ మాత్ర 10 మి.గ్రా. రోజుకొకటి 10 రోజులు ఇస్తే, ఆపిన వారంలోపు స్రావం వస్తుంది. ఆ స్రావం మొదలైన రోజునే మాలా-ఎన్ మొదలెట్టొచ్చు. స్రావం రాకపోతే మళ్లీ చూపించుకోవాలి. మెడ్రాక్సీప్రొజెస్టెరోన్ ఆ 10 రోజులూ గర్భనిరోధకం కాదు, కండోమ్ వాడాలి.

పరగడుపు 104 అంటే హద్దు దాటినట్టే. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి చూసే పరీక్ష చేయించండి. 140 నుంచి 199 మధుమేహానికి ముందు దశ, 200 అయితే మధుమేహం. మెడ నలుపు కూడా ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోవడం వల్లే, సబ్బుతో రుద్దితే పోదు. ప్రొలాక్టిన్, 17-ఓహెచ్ ప్రొజెస్టెరోన్ అనే హార్మోన్లు కూడా ఒకసారి రక్తంలో చూడాలి, ఇలాంటి లక్షణాలే ఇచ్చే వేరే జబ్బులున్నాయి.

మొటిమలకి మూడు నెలలు, వెంట్రుకలకి కనీసం ఆరు నెలలు. ఉన్న వెంట్రుకని మాత్ర రాల్చదు, కొత్తవి సన్నగా వచ్చేలా చేస్తుంది. ఈలోగా థ్రెడింగ్ చేసుకుంటే దట్టంగా మొలుస్తాయన్నది ఉత్తమాట. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి, చూపు మసకబారడం, ఎన్నడూ లేనంత తలనొప్పి: వీటిలో ఏదొచ్చినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి.

చోడిపిండి:
తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. 69 కిలోల మీద 5 శాతమంటే మూడున్నర కిలోలు. అంత తగ్గినా చాలామందికి నెలసరి దగ్గరపడుతుంది. చోడి (రాగి) అంబలి మంచిదే, ఐతే దాన్లోనూ పిండిపదార్థమే, చెంబుడు తాగేసి పైన అన్నం తింటే లాభమేటి? ఒకపూట అన్నం సగం చేసి, ఆ ఖాళీలో ఉలవలో, పెసలో, చేపో, గుడ్డో, ఆకుకూరో పెట్టండి. వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాడలేనంత వేగంతో నడక. రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోడం లాంటి కండరాల పని.

మందుల కొట్టు:
ఒక్క మాట. పీహెచ్‌సీలో మాలా-ఎన్ స్టాక్ లేకపోతే ఆ నెల ఊరుకోవద్దు, బయట మాలా-డి కొనుక్కోండి, అదే మోతాదు. ఇంకే పేరు ఇచ్చినా వెనక అట్ట మీద 0.15, 0.03 అని ఉందో లేదో చూసుకోండి. 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్రలోనూ లీవోనార్జెస్ట్రెలే ఉంటుంది, కానీ అది 1.5 మి.గ్రా., అంటే పదింతలు. అది నెలనెలా వాడేది కాదు.