గుమ్మడి నర్సయ్య ఐదుసార్లు ఎమ్మెల్యే: ఇల్లెందుకు మిగిలిందేమిటి?

లెక్కలమాస్టారు:
మొన్న మా వాట్సాప్ గ్రూపులో కమ్యూనిస్టు నాయకుడు గుమ్మడి నర్సయ్య గారు సైకిల్ మీద పోతున్న ఫోటో మళ్లీ వచ్చింది. కింద వరసగా దండాలు. ఇల్లెందు నుంచి 1983, 85, 89, 99, 2004లో గెలిచిన గుమ్మడి నర్సయ్య గారి నిజాయితీ మీద నాకు ఏ అనుమానమూ లేదు. అసెంబ్లీకి బస్సులో వెళ్లిన మనిషిని తప్పు పట్టడానికి నేనెవర్ని? నా ప్రశ్న వేరు. ఇల్లెందు అంటే బొగ్గు, అడవి. సింగరేణి పుట్టిందే అక్కడ, 1880లలో. అలాంటి చోట ఐదు టర్ములు చేసిన నాయకుణ్ణి సైకిల్‌తో కొలుస్తున్నాం. ఆ బొగ్గులో, ఆ అడవిలో జనానికి ఎంత వాటా వచ్చిందన్న లెక్క మాత్రం ఎవరూ తీయడం లేదు. నన్నడిగితే వచ్చింది తక్కువే. ఎప్పటికీ ప్రతిపక్షంలోనే ఉండే ఎమ్మెల్యే వల్ల నియోజకవర్గానికి నష్టమే ఎక్కువ. కాదంటే చెప్పండి. ఫోటోలు మాత్రం వద్దు.

నైట్‌షిఫ్ట్:
మాస్టారూ, బొగ్గు గురించి ఎమ్మెల్యేని నిలదీయడం అంటే కరెంటు పోయిందని పోస్ట్‌మ్యాన్‌ని అడిగినట్టే. 1957 నాటి గనుల చట్టం ప్రకారం పెద్ద ఖనిజాల పెత్తనమంతా ఢిల్లీది. రాష్ట్రం చేతిలో ఉన్నది ఇసుక, కంకర లాంటి చిన్న ఖనిజాలు. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం వాటా ఉంది, నిజమే, కానీ బొగ్గు బ్లాకు ఎవరికివ్వాలో చెప్పేది కేంద్రమే. 2021 డిసెంబరు 9, 10, 11 తేదీల్లో మేం సింగరేణి కార్మికులం సమ్మె చేసింది దాని మీదే. నాలుగు బ్లాకులు వేలం పెట్టారు. అందులో కోయగూడెం బ్లాక్-3 ఇదే ఇల్లెందు నియోజకవర్గంలో ఉంది. మూడు మస్టర్లు, అంటే మూడు రోజుల జీతం, పోగొట్టుకున్నా. అప్పుడు ఇక్కడ ఎమ్మెల్యే అధికార పార్టీ మనిషి. రాష్ట్ర ప్రభుత్వమూ వేలం వద్దనే అంది. అయినా వేలం రద్దు కాలేదు. ఇక 1989లో ప్రతిపక్షంలో కూర్చున్న ఒక ఎమ్మెల్యే ఏం ఆపుతాడు?

లెక్కలమాస్టారు:
సరే, బొగ్గు పక్కన పెడదాం. ఒప్పుకుంటున్నా. మరి అడవి? పోడు, అంటే అడవి కొట్టి చేసుకునే సాగు, దాని పట్టాల కోసమే కదా ఆయన రాజకీయ జీవితమంతా. అటవీ హక్కుల చట్టం 2006లో పార్లమెంటు చేసింది. ఏజెన్సీ భూముల్లో ప్రైవేటు మైనింగ్ లీజులు చెల్లవన్న 1997 నాటి సమత తీర్పును తెచ్చింది ఒక స్వచ్ఛంద సంస్థ, సుప్రీంకోర్టుకు పోయి. 2023 జూన్‌లో తెలంగాణలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చింది అప్పటి ప్రభుత్వం. ఈ మూడింటిలో ఇల్లెందు ఎమ్మెల్యే పాత్ర ఎక్కడ? 294 మంది ఉన్న సభలో ఒక్క గొంతు. మంత్రి లేచి "పరిశీలనలో ఉంది" అంటాడు, కూర్చుంటాడు. అయిపోయింది.

తునికాకు:
మాస్టారు గారూ, మీరు చట్టం వచ్చిన తేదీ నుంచి లెక్క మొదలుపెడుతున్నారు. మేం దానికి ముందు నుంచి మొదలుపెడతాం.

చిన్నప్పుడు వేసవి సెలవులంటే మాకు తునికాకు, అదే బీడీ ఆకు, సీజన్. చీకటితోనే అమ్మా నేనూ అడవికి పోయేవాళ్లం. ఎండ ముదిరేలోపు ఆకు తెంపుకుని వచ్చి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని యాభై ఆకులకొక కట్ట కట్టి నారతో బిగించేవాళ్లం. సాయంత్రం ఆకు కొనే కల్లం దగ్గర క్యూ. కల్లం నడిపే కల్లేదారు కట్ట చేతిలోకి తీసుకుని, బొటనవేలితో అంచు ఒక్కసారి తిరగేసి, "పలచగుంది" అని పక్కకు విసిరేవాడు. విసిరిన కట్టకు డబ్బులు లేవు. అలాగని వెనక్కీ ఇవ్వడు. మర్నాడు పోయి చూస్తే అదీ మిగతా కట్టలతో పాటు ఇసుకలో ఎండుతూ ఉండేది. వందకు ఇన్ని అని కొసరు వేరే. అమ్మ నోరెత్తేది కాదు. రేపు కూడా అక్కడికే పోవాలి కదా.

తర్వాత కూలీల సంఘం వచ్చింది. రేటు గురించి మాట్లాడటానికి ముందు వాళ్లు చేసిన పని, విసిరేసిన కట్టలను కుప్ప పోయించి లెక్కపెట్టించడం. అమ్మకు ఆ రోజు ఎన్ని డబ్బులు వచ్చాయో గుర్తు లేదు గానీ, కల్లేదారు తల దించుకుని లెక్కపెట్టడం మాత్రం బాగా గుర్తు. ఆ సంఘానికి అసెంబ్లీలో ఒక మనిషి ఉన్నాడని అతనికి తెలుసు. ఆ మనిషి అక్కడ నిలబడక్కర్లేదు. ఉన్నాడంటే చాలు. మీ లెక్కలో దీనికి ఏ కాలమ్ ఉంది?

పోడు సంగతి కూడా అంతే. 2006 చట్టం పట్టా ఎవరికి ఇమ్మంది? 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో ఉన్న ఆదివాసీలకు. అంటే ఆ తేదీ దాకా భూమిని పట్టుకుని ఉండాలి. ఫారెస్టోళ్లు కందకాలు తవ్వితే పూడ్చి, పశువులను బందెలదొడ్డికి తోలితే విడిపించుకుని, కేసులు పడితే కోర్టుకు తిరిగి. అన్నేళ్లు పట్టుకుని ఉండకపోతే 2023లో ఇవ్వడానికి పట్టా ఏముంటుంది?

గార్డుగారబ్బాయి:
అక్కా, మీ అమ్మగారి కష్టం చదివి మనసు కలుక్కుమంది. కానీ ఆ కందకం తవ్వించిన వాళ్లలో మా నాన్న ఒకరు. ప్లాంటేషన్‌లో పొద్దున నాటించిన మొక్కలు తెల్లారేసరికి పీకేసి ఉండేవి. ఆ మొక్కల లెక్కకు పైనుంచి మెమో వచ్చేది నాన్నకే. 1976లో రాజ్యాంగ సవరణతో అడవులు ఉమ్మడి జాబితాలోకి పోయాయి. 1980 చట్టం తర్వాత కేంద్రం అనుమతి లేకుండా అడవి భూమిని వేరే పనికి ఇచ్చే అధికారం రాష్ట్రానికే లేదు. ఆ సంగతి తెలిసి కూడా పోడు చేసుకోండని అన్నారు నాయకులు. ఓట్లు వాళ్లకు, కేసులు గిరిజనులకు, దెబ్బలు కింది ఉద్యోగులకు. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో ఒక రేంజ్ ఆఫీసర్‌ను చంపేశారు. దానికీ నర్సయ్య గారికీ సంబంధం లేదు, ఆ మాట నేను అనను. కానీ వనరుల కోసం పోరాడిన నాయకుడు అంటున్నప్పుడు అడవి కూడా వనరే కదా. దాని తరఫున అసెంబ్లీలో ఎవరు మాట్లాడారు?

నైట్‌షిఫ్ట్:
తమ్ముడూ, మీ నాన్నగారి మీద నాకు గౌరవమే. ఒక్క మాట అడుగుతా. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గని కోసం అడవిని ఎలా తీస్తారో ఈ ప్రాంతంలో పుట్టినవాడివి నీకు తెలుసు. అనుమతి కాగితం ఉంటే వందల ఎకరాలు బ్లాస్టింగ్‌లో పోవచ్చు. కాగితం లేకపోతే నాగలి పెట్టకూడదు. నేను తినేది ఆ బొగ్గు తిండే, కాబట్టి నీతులు చెప్పను. చూసింది చెబుతున్నా, అంతే.

వేపనీడ:
మాస్టారి మొదటి పాయింట్ ఒకటి ఎవరూ ముట్టుకోలేదు. అధికార పార్టీ ఎమ్మెల్యే అయితే ఏదో తెచ్చేవాడు అన్నది. 2009 నాటికి పునర్విభజన జరిగి ఇల్లెందు హద్దులు మారాయి. ఇప్పుడు బయ్యారం, గార్ల ఇందులోవే. బయ్యారం అంటే ఇనుప ఖనిజం. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమో కాదో కేంద్ర ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో తేల్చాలని రాశారు. 2014లోనూ 2018లోనూ ఇక్కడ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచినవాళ్లు తర్వాత అధికార పార్టీలోకి వెళ్లారు. అభివృద్ధి కోసమే అన్నారు, అందరూ అనేదే. ఫ్యాక్టరీ వచ్చిందా? ఖనిజం నాణ్యత చాలదని కేంద్రం తేల్చేసింది. గడప దాటి లోపలికి వెళ్లినవాళ్లు కూడా తెచ్చింది లేదు. బయట నిలబడ్డాయనకే ఎందుకు మార్కులు కోత?

లెక్కలమాస్టారు:
వేపనీడ గారూ, దెబ్బ గట్టిగానే తగిలింది. బయ్యారం నాకు తట్టలేదు. అధికార పార్టీ అయితే తెచ్చేవాడు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

కానీ మొత్తం వదలను. తునికాకు గారు చెప్పినదాంట్లో బలం సంఘానిదా, ఎమ్మెల్యేదా? సంఘం లేని చోట ఆయనొక్కడే ఉంటే కల్లేదారు తల దించేవాడా? 2009 నుంచి ఆయన మళ్లీ గెలవలేదు. హద్దులు మారడం ఒక కారణం కావచ్చు. కింద సంఘం పలచబడటం ఇంకో కారణమని నా అభిప్రాయం. అప్పుడు మనం పొగడాల్సింది ఆ సంఘాన్ని కదా, సైకిల్‌ని ఎందుకు?

ఇంకొకటి. 1971 చట్టంతో తునికాకు వ్యాపారం ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి వెళ్లింది. 2006 చట్టం ఆకు మీద హక్కు అడవిని నమ్ముకుని బతికేవాళ్లదే అంది. అయినా ఆకు సేకరణ యూనిట్లను వేలం వేసేది అటవీ శాఖే. రేటు పెంచమని అడగడం దగ్గరే మన నాయకులందరూ ఆగిపోయారు, అన్ని పార్టీల వాళ్లూ. వేలం మేమే వేసుకుంటాం అని గ్రామసభల చేత అనిపించి ఉంటే, అదీ వాటా అంటే.

తునికాకు:
ఈ చివరి మాట ఒప్పుకుంటా మాస్టారు గారూ. మా ఊళ్లో గ్రామసభ అంటే ఇప్పటికీ సంతకాల పుస్తకం ఇంటింటికీ తిప్పడమే. సంఘమా, ఎమ్మెల్యేనా అన్నది మాత్రం మాకు వేరు వేరుగా ఎప్పుడూ తోచలేదు. సంఘమే ఆయన్ను పంపింది.

లెక్కలమాస్టారు:
2023లో మీ ఇంటికి పట్టా వచ్చిందా?

తునికాకు:
వచ్చింది. మూడెకరాలు దున్నుతున్నాం. కాగితంలో ఎకరం ఇరవై గుంటలు రాశారు. మిగతా దానికి దరఖాస్తు గ్రామసభకు, అక్కడి నుంచి సబ్ డివిజన్ కమిటీకి, తర్వాత జిల్లా కమిటీకి పోవాలట. ఆ రెండు కమిటీల్లో ఎవరెవరు ఉంటారో రూల్స్ తీసి చదివాం. అధికారులున్నారు, స్థానిక సంస్థల సభ్యులున్నారు. ఎమ్మెల్యేకు కుర్చీ లేదు. మరి మేం ఎవరి దగ్గరికి పోవాలి?