విరిగిన ముందుపన్ను: అరగదీసి క్యాప్ వేయించుకోవాలా, ఉన్న పన్నుకే కట్టించుకోవాలా?

తొలకరి:
నాకు 27 ఏళ్ళు. నెల క్రితం మెట్ల మీద జారిపడ్డాను, పై ముందుపన్ను మూడో వంతు విరిగింది. నొప్పి లేదు కానీ చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. ఒక డాక్టర్‌గారు కాంపోజిట్‌తో (పన్ను రంగులో ఉండే అతుకు పదార్థం) కడితే చాలంటున్నారు. ఇంకొకరు దాంతో పాటు పక్కపన్నును కూడా అరగదీసి రెండిటికీ క్యాపులు వేస్తేనే జత కుదురుతుందంటున్నారు. ఆ పక్కపన్ను శుభ్రంగా ఉంది. నవ్వొచ్చిన ప్రతిసారీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాను. అందం కోసం బాగున్న పన్నును అరగదీయడం సబబేనా?

నీలిమేఘం:
వద్దండీ. ఒక పన్ను పెచ్చు లేచిందని నేను నాలుగింటికి క్యాపులు వేయించుకున్నాను. మొదటి రెండేళ్ళు అద్దం ముందు నుంచి కదిలేదాన్ని కాదు. మూడో ఏడు ఒక పన్నులో నరం చచ్చిపోయి చీము పట్టింది. క్యాప్‌కే రంధ్రం చేసి రూట్ కెనాల్ చేశారు. తర్వాత చిగురు పైకి జరిగి, క్యాప్ లోపలి లోహం నల్లటి గీతలా బయటపడింది. మార్చడానికి తీసినప్పుడు లోపల మిగిలిన నా పన్ను చూశాను, సన్నటి మేకులా ఉంది. ఆ రోజు చాలా ఏడ్చాను. అరగదీస్తే ఆ పన్నుకు ఇక జీవితాంతం ఏదో ఒక తొడుగు ఉండాల్సిందేనని ముందు నాకెవరూ చెప్పలేదు.

రాత్రిబండి:
మీకు జరిగింది వింటే బాధగా ఉంది. కానీ కాంపోజిట్ కష్టాలు కూడా చెప్పాలి కదా. ఏడేళ్ళలో నాది మూడుసార్లు ఊడింది, ఒకసారి మీటింగ్‌లో మాట్లాడుతుండగానే. టీ మరకలు పట్టి పసుపు తిరిగింది. చివరికి పింగాణీ వెనీర్ (పన్ను ముందు వైపు అతికించే పలుచటి పొర) వేయించుకున్నాను, మళ్ళీ నోరారా నవ్వుతున్నాను. ఎక్కడ చూసినా అందం కోసమా అని తీసిపారేస్తారు. చెయ్యి అడ్డం పెట్టుకుని బతకడం ఎంత నరకమో పడ్డవాళ్ళకే తెలుసు.

పంటివైద్యం:
నేను దంతవైద్యుణ్ణి. తొలకరి గారూ, ముందు అడగాల్సింది మీ పన్నులో నరం ఎలా ఉందని. చలికి జివ్వుమంటోందంటే బతికే ఉండొచ్చు. కానీ దెబ్బ తిన్న పన్నులో నరం కొన్ని నెలలకు కూడా చచ్చిపోవచ్చు. ఇప్పుడే క్యాప్ వేసేస్తే, రేపు దానికే రంధ్రం చేయాల్సి వస్తుంది. ఎక్స్‌రే తీయించండి, కొన్నాళ్ళు పరీక్షలు చేయిస్తూ ఉండండి. పైనుండే గట్టి పొర ఎనామిల్ పోయి, దాని కింది పొర డెంటిన్ బయటపడి ఉంటే దాన్ని ఆలస్యం చేయకుండా మూసెయ్యాలి. ఆ పనికి కాంపోజిట్ సరిపోతుంది.

ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పన్ను మొలిచేసరికే పోతాయి, అందుకే పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో ముందుపళ్ళలో తీసే భాగాన్ని తూచి చూశారు. పూర్తి క్యాప్‌కి పన్నులో చిగురు బయట కనిపించే భాగంలో 63 నుంచి 72 శాతం పోతోంది. వెనీర్ లాంటివాటికి 3 నుంచి 30 శాతమే. అందుకే క్యాపునూ వెనీర్‌నూ ఒక గాటన కట్టకూడదు.

మనం ఇవాళ అరగదీయకుండా అతికించగలుగుతున్నామంటే దానికి మూలం 1955లో బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు చూపించిన పద్ధతి. ఫాస్ఫారిక్ ఆసిడ్ తాకిస్తే ఎనామిల్ కంటికి కనపడనంత గరుకుగా అవుతుంది, రెజిన్ అనే జిగురు అందులోకి దిగి పట్టుకుంటుంది. డెంటిన్ మీద ఆ పట్టు అంత నమ్మకంగా ఉండదు. ఎక్కువ అరగదీస్తే అతికే పొరనే పోగొట్టుకున్నట్టు.

రాత్రిబండి:
మరి నాది మూడుసార్లు ఎందుకు ఊడిందండీ?

పంటివైద్యం:
చూడకుండా చెప్పలేను. అతికించేటప్పుడు ఉమ్మి తగిలినా పట్టు పోతుంది, అందుకే రబ్బరు షీట్ కడతాం. నిద్రలో పళ్ళు కొరికే అలవాటున్నా ఊడుతుంది, అలాంటివాళ్ళకి వెనీర్ కూడా పగలొచ్చు. రాత్రి పెట్టుకునే గార్డ్ అడగండి. మీ విషయంలో వెనీర్ తప్పని నేను అనను, అన్నీ చూసి ఎంచుకున్నారు. నేను ఒప్పుకోనిది శుభ్రంగా ఉన్న పక్కపన్నును జత కోసం కోయడం.

నీలిమేఘం:
నాకు పదేళ్ళ ముందు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే!

తొలకరి:
అందరికీ థాంక్సండీ. రంగు కలవదేమో అన్నదొక్కటే ఇంకా టెన్షన్. నా పళ్ళు కొంచెం పసుపు.

పంటివైద్యం:
తెల్లబరుచుకోవాలనుకుంటే అది ముందే చేయించుకోండి, కాంపోజిట్ తర్వాత తెల్లబడదు. బ్లీచింగ్ అయ్యాక కనీసం రెండు వారాలు ఆగాలి, వెంటనే అతికిస్తే పట్టు తగ్గుతుంది. ఈలోపు విరిగినచోట తాత్కాలికంగా మూయించుకోండి. రంగు ఎంచేది కూర్చోగానే జరగాలి. నోరు తెరిచి ఉంచితే పన్ను ఆరిపోయి అసలు కంటే తెల్లగా కనిపిస్తుంది.

తొలకరి:
సరేనండీ. రేపు ఉదయం మొదటి డాక్టర్‌గారి దగ్గరికే వెళ్తున్నాను. ఎక్స్‌రే, నరం పరీక్ష, తర్వాత కాంపోజిట్. పక్కపన్నును మాత్రం ముట్టుకోనివ్వను.