నల్లగొండ 1952: నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లన్న మాట నిలుస్తుందా?

మిర్యాలగూడ పిలగాడు:
జూన్ 4 వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపుల్లో, 1952లో నల్లగొండ ఎంపీగా గెలిచిన కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారి ఫోటో తిరుగుతుంది. ఆ రోజు ఆయన పుట్టినరోజు. కింద ‘దేశంలోనే అత్యధిక మెజారిటీ, నెహ్రూ కంటే ఎక్కువ’ అని రాస్తారు. ఆయనంటే నాకూ గౌరవమే. కానీ 1952లో నల్లగొండ ఇద్దరు ఎంపీలను ఎన్నుకునే నియోజకవర్గం. ఒకటి జనరల్ సీటు, ఒకటి ఎస్సీ రిజర్వుడు. ఓటరుకు రెండు ఓట్లు. అంత పెద్ద నియోజకవర్గంలో వచ్చిన అంకెను తెచ్చి నెహ్రూ పక్కన పెట్టడం న్యాయమేనా?

ఎడమ కాలువ రైతు:
2024లో ఇదే నల్లగొండలో కుందూరు రఘువీర్‌రెడ్డి గారి మెజారిటీయే ఐదున్నర లక్షలు దాటింది. ఇంకా పాత రికార్డు పట్టుకుని కొట్లాడుడెందుకు?

భువనగిరి టీచరమ్మ:
తమ్ముడూ, నువ్వు అడిగింది మంచి ప్రశ్న. కానీ లెక్క సగం దగ్గరే ఆపావు. నెహ్రూ నిలబడ్డ అలహాబాద్ తూర్పు, జౌన్‌పూర్ పశ్చిమ కలిసిన నియోజకవర్గం కూడా ఇద్దరు సభ్యులదే. ఆయనతో పాటు అక్కడ మసూరియా దీన్ గెలిచారు. కాబట్టి ఇద్దరికీ ఒకటే కొలత. నారాయణరెడ్డి గారికి 3,09,162 ఓట్లు, నెహ్రూకు 2,33,571. తేడా 75,591. ఇంకో సంగతి, ఓటరుకు రెండు ఓట్లున్నా రెండూ ఒకే మనిషికి వేయడం చెల్లదు. మూడు లక్షల తొమ్మిది వేలంటే అంతమంది మనుషులే, రెట్టింపైన అంకె కాదు.

పోస్టర్‌లో తప్పు వేరే చోట ఉంది. నెహ్రూను దాటింది వచ్చిన ఓట్లలో. దాన్ని ‘మెజారిటీ’ అని రాసేస్తున్నారు. రెండూ ఒకటి కావు, అది దిద్దాల్సిందే.

రైతన్నా, అప్పుడు ఓటు వయసు 21, ఇప్పుడు 18. ఇప్పటి జనాభా ఎంత, అప్పటిది ఎంత? ఆ ఎన్నిక ఏ పరిస్థితిలో జరిగిందో కూడా చూడాలి కదా. సాయుధ పోరాటం విరమించింది 1951 అక్టోబరులో. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది కాబట్టి పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. మూణ్నాలుగు నెలల్లోనే ఓట్లు. పల్లెలు ఇంకా పోలీసు క్యాంపుల భయంలోనే ఉన్నాయి.

మా నాయనమ్మ ఆ ఎన్నికలో ఓటేసింది. అప్పుడు చీటీ మీద ముద్ర వేసే పద్ధతి లేదు. అభ్యర్థికో డబ్బా, డబ్బా మీద గుర్తు, నచ్చినోళ్ల డబ్బాలో చీటీ వేయడమే. పెళ్లికి పెట్టిన చీర కట్టుకుని పోయిందట. ‘రెండు చీటీలిచ్చిండ్రు బిడ్డా, రెండూ సంగపోళ్లకే ఏసిన. ఒకటి నారాయణరెడ్డికి, ఒకటి అచ్చాలుకు’ అనేది. సంగమంటే ఆంధ్ర మహాసభ, పల్లెల్లో అట్లనే పిలిచేవాళ్లు. చెప్తున్నంతసేపూ రెండు వేళ్లు ఎత్తి చూపించేది.

మిర్యాలగూడ పిలగాడు:
నెహ్రూది కూడా రెండు సీట్ల నియోజకవర్గమని నాకు తెలియదు అక్కా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. అయినా ఒక అనుమానం. మీ నాయనమ్మ మాటలోనే ఉంది చూడండి, ‘సంగపోళ్లకు’ వేసింది. 1957లో అదే నల్లగొండలో అదే ఫ్రంట్ తరఫున దేవులపల్లి వెంకటేశ్వరరావు గారు గెలిచారు. మరి అది ఒక మనిషి రికార్డు ఎలా అవుతుంది?

భువనగిరి టీచరమ్మ:
సగం ఒప్పుకుంటా. సంఘం లేకపోతే ఆ ఓట్లు లేవు. కానీ సంఘాన్ని ఊరూరికీ చేర్చినోళ్లలో ఆయన ముందు వరసలో ఉన్నారు. బొల్లేపల్లి భూస్వామి ఇంట్లో పుట్టి దొరల వెట్టికి ఎదురు తిరిగారు. 1941లో చిలుకూరు, 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభలకు ఆయనే అధ్యక్షుడు. 1948లో సైన్యం వచ్చి నిజాం పాలన పోయాక ఇక తుపాకులు దించాలని సొంత పార్టీలోనే వాదించారు. అది చాలామందికి నచ్చలేదు. అలాంటి మనిషి పేరు మీద జనం అన్ని ఓట్లు వేశారు. 1957లో భువనగిరి నుంచి శాసనసభకు వెళ్లారు, 1962లో సీపీఐ తరఫున మళ్లీ నల్లగొండ ఎంపీ అయ్యారు. ఒక్క గాలికి గెలిచిన మనిషైతే పదేళ్ల తర్వాత మళ్లీ ఎందుకు గెలుస్తారు?

నాకు బాధ కలిగించేది మాత్రం వేరే ఉంది. రెండు సీట్లు, రెండు సీట్లు అని ఇంతసేపు మాట్లాడుకున్నాం. రెండో సీటులో గెలిచిన సుంకం అచ్చాలు గారి పేరు ఈ చర్చలో ఎవరైనా ఎత్తారా? మా నాయనమ్మ నోట తప్ప రాలేదు. దొర ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన నేల ఇది. అక్కడ అన్ని కులాల వాళ్లూ ఓటేసి ఒక దళితుణ్ని మొదటి లోక్‌సభకు పంపారు. నెహ్రూ కంటే 75 వేలు ఎక్కువ రావడం కంటే నాకు అదే పెద్ద సంగతి అనిపిస్తుంది. ఇద్దరు సభ్యుల పద్ధతిని 1961 చట్టంతో తీసేశారు. దాంతో పాటే ఆ రెండో పేరునూ మనం మర్చిపోయాం.

ఎడమ కాలువ రైతు:
అచ్చాలు గారి పేరు నేను ఇయ్యాలే విన్న. మాది నల్లగొండే, 58 ఏండ్లున్నయి నాకు.

మిర్యాలగూడ పిలగాడు:
అక్కా, మా గ్రూపులో ఆ పోస్టర్ చేసేది నా దోస్తే. ‘మెజారిటీ’ తీసేసి ‘ఓట్లు’ అని రాయమని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పా. వచ్చే జూన్‌లో రెండో పేరు కూడా పెట్టిస్తా.